నీళ్లకు ‘ఎ’ లేదు సరే, ‘ది’ మాటేమిటి?

అన్‌కౌంటబుల్ నామవాచకం ముందు ఆర్టికల్ పెట్టకూడదు. ఇంగ్లిష్ గ్రామర్ చదివిన తెలుగువాళ్లలో చాలామందికి గుర్తుండిపోయిన సూత్రం ఇది. పొట్టిగా ఉంటుంది, నోటికి వస్తుంది, కానీ సగమే నిజం. ‘ది వాటర్ ఇన్ దిస్ వెల్’ అనడంలో తప్పు లేదు. ‘ఎ నాలెడ్జ్ ఆఫ్ శాన్‌స్క్రిట్’ అన్నా తప్పు లేదు. హోటల్లో ‘ఎ కాఫీ’ అడిగితే ఎవరూ నవ్వరు. దరఖాస్తులో ‘యాన్ అడ్వైస్’ అని రాస్తే మాత్రం ఎర్రకలం పడుతుంది. ఒక సూత్రానికి ఇన్ని మినహాయింపులుంటే, అనుమానించాల్సింది మినహాయింపులనా, సూత్రాన్నా?

ఈ ప్రశ్న మీద నూరేళ్లుగా వాదన నడుస్తోంది. వ్యాకరణవేత్తలు ఒక వైపు నుంచి, తర్కశాస్త్రజ్ఞులు మరో వైపు నుంచి, నిఘంటుకారులు, బోధకులు, సంపాదకులు, ఈమధ్య కంప్యూటర్ ఇంజినీర్లు తలో వైపు నుంచి పట్టుకుని లాగారు. ఒకరు తేల్చింది ఇంకొకరి దాకా పోలేదు. అందుకే తరగతి గదిలో చెప్పే సూత్రానికీ, ప్రామాణిక వ్యాకరణ గ్రంథాల్లో ఉన్నదానికీ ఇంత దూరం. మాటల్లో అయితే మింగేసిన ఆర్టికల్ ఎవరికీ వినపడదు. థీసిస్‌లోనో, ఉద్యోగ దరఖాస్తులోనో, పరిశోధన వ్యాసంలోనో అదే కంట్లో నలుసులా కనపడుతుంది. కాబట్టి ఈ సమీక్ష లాంఛనంగా రాసే ఇంగ్లిష్‌కే పరిమితం.

పరిభాష గురించి ఒక్క మాట. కౌంటబుల్‌ను ‘గణనీయం’ అందామంటే ఆ మాట ఎప్పుడో ‘చెప్పుకోదగ్గది’ అన్న అర్థంలో స్థిరపడిపోయింది. అందుకని కౌంటబుల్, అన్‌కౌంటబుల్ అనే అంటున్నాను.

రెండు ప్రశ్నలకు ఒకే ముడి

ముందు ‘ఎ’ పుట్టుక చూడాలి. పాత ఇంగ్లిష్‌లో ‘ఆన్’ అంటే ఒకటి. ఆ మాటే ఒక దారిలో ‘వన్’ అయింది, ఇంకో దారిలో అరిగి ‘యాన్’, ‘ఎ’ అయింది. అంటే ‘ఎ’లో ‘ఒకటి’ ఇంకా దాగి ఉంది. ఒకటి అనాలంటే రెండోదానికీ మూడోదానికీ చోటుండాలి. ఇసుకకు, నీళ్లకు, న్యాయానికి ఆ చోటు లేదు కనుక ‘ఎ’ అతకదు. తెలుగులోనూ ‘ఒక ఇసుక’ అనం.

‘ది’ కథ వేరు. అది ‘ఆ’, ‘ఈ’ వంటి నిర్దేశక పదం నుంచి వచ్చింది. లెక్కతో దానికి పని లేదు. ఏది అన్నది వినేవాడికి తెలుసా లేదా అన్నదే దానికి కావాలి. బావిలో నీళ్ల గురించి ఇంతకుముందే మాట్లాడుకుని ఉంటే అవి ‘ది వాటర్’. ఒకటా రెండా అన్న ప్రసక్తే రాదు. తెలుగులో ‘ఒక నీళ్లు’ కుదరకపోయినా ‘ఆ నీళ్లు’ కుదరడం ఇందుకే.

బడిలో చెప్పిన సూత్రం ఈ రెండు ప్రశ్నలను ఒకే ముడి వేసింది. లెక్కకు వస్తుందా అన్నది ఒక ప్రశ్న, వినేవాడు గుర్తుపట్టగలడా అన్నది ఇంకొకటి. అన్‌కౌంటబుల్ అనే గుణం మొదటిదానికే జవాబు. రెండోదానికి జవాబు సందర్భం చెప్పాలి.

ఇక ఆర్టికల్ లేకపోవడం. అది ఖాళీ కాదు, దానికీ అర్థం ఉంది. ‘గోల్డ్ ఈజ్ ఎ ప్రెషస్ మెటల్’ అంటే లోకంలో ఉన్న బంగారమంతా. ‘దేర్ ఈజ్ వాటర్ ఆన్ ది ఫ్లోర్’ అంటే ఎంతో కొంత నీరు. జాతి మొత్తాన్ని చెప్పేటప్పుడు కౌంటబుల్‌కి ‘ది’ చెల్లుతుంది: ‘ది టైగర్ ఈజ్ ఎ వైల్డ్ యానిమల్’ అంటే పులిజాతి. అదే అచ్చులో పోసి ‘ది గోల్డ్ ఈజ్ ఎ ప్రెషస్ మెటల్’ అంటే చెల్లదు. బంగారం అన్న మాట విడిగానే జాతి పేరు, ‘ది’ తగిలించగానే ఫలానా బంగారం అయిపోతుంది. మనవాళ్ల వ్యాసాల్లో ‘ది నేచర్’, ‘ది సొసైటీ’, ‘ది ఎడ్యుకేషన్’ అంటూ అక్కర్లేని ‘ది’లు కనిపించేది ఇక్కడే. ‘ఎ’ తప్పుల గురించి పుస్తకాలు చెప్పినంతగా ఈ ‘ది’ తప్పుల గురించి చెప్పవు. లాంఛన రచనలో ఎక్కువ చెరుపు చేసేది నిజానికి రెండోదే.

వర్గాలు కట్టిన తరం

మన బడుల్లోకి ఇంగ్లిష్ వ్యాకరణం నెస్‌ఫీల్డ్ పుస్తకాల ద్వారా, తర్వాత 1930ల నుంచి రెన్ అండ్ మార్టిన్ ద్వారా వచ్చింది. నెస్‌ఫీల్డ్ నామవాచకాలను ఐదు రకాలు చేశాడు. అందులో ‘మెటీరియల్ నౌన్’ ఒకటి. ఇనుము, గాజు, కాగితం అన్నీ ఆ గదిలో పడ్డాయి. పిల్లవాడు ఆ జాబితా బట్టీ పట్టాక ‘యాన్ ఐరన్’ అంటే ఇస్త్రీపెట్టె అని, ‘ఎ గ్లాస్’ అంటే గ్లాసు అని, ‘ఎ పేపర్’ అంటే వార్తాపత్రికో పరిశోధన పత్రమో అని తెలుస్తుంది. గది గోడలు అక్కడే కూలాయి. పైగా ‘గివ్ మి ఎ పేపర్’ అని తెల్లకాగితం అడగడం మనకు అలవాటైపోయింది. కాగితం కావాలంటే ‘ఎ షీట్ ఆఫ్ పేపర్’.

డెన్మార్క్‌కు చెందిన ఒటో యెస్పర్సన్ 1924లో వెలువడిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’లో ఈ రకం మాటలకు ‘మాస్ వర్డ్స్’ అని పేరు పెట్టాడు. టీ, ఇసుక వంటి పదార్థాలనే కాకుండా తీరిక, సంగీతం వంటి అమూర్త భావాలను కూడా అందులో చేర్చాడు. ఇది పెద్ద అడుగు. నెస్‌ఫీల్డ్ వేర్వేరు గదుల్లో పెట్టిన మెటీరియల్, యాబ్‌స్ట్రాక్ట్ నామాలు రెంటికీ వ్యాకరణం ఒకటేనని తేలింది. ఆర్టికల్స్ మీద 1939లో పాల్ క్రిస్టఫర్సన్ రాసిన పుస్తకం ‘ది’కి మూలం పరిచయమని, అంటే వినేవాడికి ముందే ఎరుకలో ఉండటమని వాదించింది. అంతకుముందే, 1905లో, బెర్ట్రాండ్ రసెల్ తర్కం వైపు నుంచి వచ్చి ‘ది’ అంటే అలాంటిది ఒక్కటే ఉండటం అన్నాడు. పరిచయమా, ఏకైకతా అన్న ఆ తగవు ఇప్పటికీ తెగలేదు. అన్‌కౌంటబుల్ దగ్గర రసెల్ లెక్క కాస్త ఇబ్బంది పడుతుంది: బావిలో నీళ్లు ‘ఒక్కటే’ ఎలా అవుతాయి? బావిలో ఉన్న నీళ్లన్నీ కలిపి అని సరిపెట్టుకోవాలి.

నిఘంటువుల సంగతి ఇంకా ఆసక్తికరం. ఎ. ఎస్. హార్న్‌బీ బృందం 1942లో జపాన్‌లో తెచ్చిన నిఘంటువు నామవాచకాల పక్కన సి (కౌంటబుల్), యు (అన్‌కౌంటబుల్) అనే గుర్తులు పెట్టింది. జపనీస్‌లో ఆర్టికల్స్ లేవు. తెలుగు లాగే. ఆర్టికల్ లేని భాష మాట్లాడేవాళ్ల అవసరమే ఈ గుర్తులను పుట్టించింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్ దాన్ని ప్రపంచమంతా పంచింది. విద్యార్థికి ఆ గుర్తులు చేసిన మేలు తక్కువ కాదు. కాకపోతే లెక్క అన్నది మాటకు పుట్టుమచ్చ లాంటిదన్న నమ్మకం కూడా వాటితోపాటే పాకింది.

మాటలో ఉందా, వాడుకలో ఉందా

ఆ నమ్మకాన్ని కదిపింది మొదట తర్కశాస్త్రజ్ఞులు. డబ్ల్యు. వి. క్వైన్ 1960లో చెప్పింది తేలికైన పరీక్ష: నీళ్లకు నీళ్లు కలిపితే నీళ్లే, కుర్చీకి కుర్చీ కలిపితే మాత్రం కుర్చీ కాదు. బాగానే ఉంది కానీ, ఏ మాటనైనా నీళ్లలా వాడొచ్చు కదా అన్నది తర్వాతి ప్రశ్న. ఫ్రాన్సిస్ జెఫ్రీ పెలెటియర్ 1975లో ఒక ఊహాయంత్రాన్ని ప్రవేశపెట్టాడు. ఆలోచన డేవిడ్ లూయిస్‌దని చెప్పాడు. సార్వత్రిక గ్రైండర్ అన్నమాట. అందులో ఏ వస్తువు వేసినా పిండై బయటికి వస్తుంది. చొక్కా మీద గుడ్డు సొన పడితే ‘దేర్ ఈజ్ ఎగ్ ఆన్ యువర్ షర్ట్’ అంటారు, ‘యాన్ ఎగ్’ అనరు. దీనికి తలకిందులుగా పనిచేసేది ప్యాకేజీ యంత్రం: పదార్థాన్ని తీసుకుని విడివిడిగా కొలతలు కట్టిస్తుంది. ‘టూ కాఫీస్’ అలా వచ్చిందే.

తెలుగులో ఈ రెండో యంత్రం రోజూ నడుస్తుంది. ‘రెండు కాఫీలు, ఒక టీ’ అని కేకేస్తే సర్వర్‌కు వ్యాకరణం గుర్తు రాదు. మొదటి యంత్రానికి మనం ఇంగ్లిష్ మాటనే అరువు తెచ్చుకున్నాం. బతికి ఉన్నంతసేపూ కోడి, వండితే చికెన్. ఇంగ్లిష్‌లో ‘ఎ చికెన్’కీ ‘చికెన్’కీ ఉన్న తేడాను రెండు వేర్వేరు మాటలతో తీర్చుకున్నాం.

కీత్ ఆలన్ 1980లో దీన్ని సిద్ధాంతంగా కట్టాడు. లెక్క నామవాచకంలో లేదు, ఆ నామవాచకం కూర్చున్న పదబంధంలో ఉంది. అయితే మాటలన్నీ సమానం కావు. కొన్ని లెక్క వైపు మొగ్గుతాయి, కొన్ని దూరం జరుగుతాయి. ‘కార్’ ఒక చివర, ‘ఎక్విప్‌మెంట్’ మరో చివర, మిగతావి మధ్యలో. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ రాసిన బృహద్ వ్యాకరణమూ, 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ నేతృత్వంలో వచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణమూ చాలా మాటలకు రెండు వాడుకలూ ఉంటాయని ఒప్పుకున్నాయి.

ఒక్క మాటను రెండు పక్షాల చేతుల్లో పెట్టి చూద్దాం. ‘ఎక్స్‌పీరియన్స్’. నిఘంటువు పక్షం ఇది రెండు మాటలు అంటుంది: ఒకటి యు, ఒకటి సి. పదబంధ పక్షం ఇది ఒకటే మాట, వాడుకలు రెండు అంటుంది. ఉద్యోగ దరఖాస్తు రాసేవాడికి ఎవరి మాట పనికొస్తుంది? ‘ఐ హావ్ యాన్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ అకౌంట్స్’ అని రాసినవాడు నిఘంటువులో సి గుర్తు చూసే రాసి ఉండొచ్చు. అక్కడ కావాల్సింది ఏళ్ల తరబడి పోగైన అనుభవం. ‘యాన్ ఎక్స్‌పీరియన్స్’ అంటే జరిగిన ఒక సంఘటన. గుర్తు చూస్తే చాలదు, తాను చెప్పదలిచింది పోగా, విడి ఘటనా అని ప్రశ్నించుకోవాలి. ఇక్కడ పదబంధ పక్షానిదే పైచేయి అని నా అభిప్రాయం. కానీ ‘ఎక్విప్‌మెంట్’ దగ్గరికి వచ్చేసరికి ఎంత ప్రశ్నించుకున్నా లాభం లేదు. అక్కడ నిఘంటువు గుర్తే దిక్కు.

పాలు పొంగాయి, పెరుగు తోడుకుంది

మూడో పక్షం అర్థాన్ని నమ్ముకుంది. ఇంగ్లిష్‌లో గోధుమ ‘వీట్’, ఏకవచనం, లెక్కకు రాదు. ఓట్స్ బహువచనం. రెండూ ధాన్యమే, గింజలే. ఇది వట్టి కాకతాళీయమని 1933లో బ్లూమ్‌ఫీల్డ్ అన్నాడు. కాదని 1985లో అనా వియెర్జ్‌బిట్స్కా వాదించింది. గింజ ఎంత పెద్దది, జనం దాన్ని గింజగా వాడతారా పిండిగా వాడతారా అన్నదాన్ని బట్టి భాష లెక్క కడుతుందని ఆమె మాట. రొనాల్డ్ లాంగకర్ కూడా ఇదే కోవ: మనసు ఒక వస్తువుకు హద్దు గీసిందా లేదా అన్నదే అసలు సంగతి.

తెలుగు ఈ వాదానికి కొంత బలం, కొంత తలనొప్పి. మనకు గోధుమలు, జొన్నలు, కందులు అన్నీ బహువచనమే. గింజలు కాబట్టి అనుకోవచ్చు. నీళ్లూ పాలూ బహువచనమే, వాటిలో గింజ ఎక్కడుంది? పాలు పొంగాయి అంటాం, పెరుగు తోడుకుంది అంటాం. రాత్రి తోడు వేసేటప్పుడు బహువచనం, తెల్లారేసరికి ఏకవచనం. గిన్నెలో ఉన్నది అదే. దీన్ని గిన్నె వైపు చూసి వివరించలేం, భాష చరిత్ర వైపు చూడాలి. ఇంగ్లిష్‌లోనూ అంతే. బఠాణీని ఒకప్పుడు ‘పీజ్’ అనేవారు, అది బహువచనం కాదు. చివరి ధ్వని బహువచన ప్రత్యయంలా వినిపించేసరికి జనం దాన్ని ఊడబీకి ‘పీ’ అనే ఏకవచనాన్ని తయారు చేసుకున్నారు. బఠాణీ మారలేదు, చెవి మారింది.

ఇక్కడ మన తప్పులకు సంబంధించిన ఒక ముఖ్య విషయం ఉంది. పాలు బహువచనమే అయినా ‘మిల్క్స్ ఆర్ బాయిలింగ్’ అని రాసే తెలుగువాడు అరుదు. ‘ఎవిడెన్సెస్’, ‘ఎక్విప్‌మెంట్స్’, ‘యాన్ అడ్వైస్’ మాత్రం తరచూ రాస్తాం. ఎందుకంటే రెండు పాలు అనం కానీ రెండు ఆధారాలు, నాలుగు పరికరాలు, ఒక సలహా అంటాం. మాతృభాష నుంచి ఇంగ్లిష్‌లోకి దిగుమతి అయ్యేది బహువచన రూపం కాదు, లెక్కపెట్టే అలవాటు. అయినా మొత్తం నెపం తెలుగు మీద వేయలేం. ‘సమాచారం’ మనకూ పెద్దగా లెక్కకు రాదు, అయినా ‘ఇన్ఫర్మేషన్స్’ రాస్తాం. ఫ్రెంచివాళ్లూ జర్మన్లూ అదే తప్పు చేస్తారు.

ఇంగ్లిష్ చూపే పరిష్కారం మనకు కొత్తది కూడా కాదు. ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’, ‘యాన్ ఐటమ్ ఆఫ్ ఎక్విప్‌మెంట్’, ‘ఎ పించ్ ఆఫ్ సాల్ట్’. చెంబెడు నీళ్లు, గుప్పెడు బియ్యం, చిటికెడు ఉప్పు అనే భాషకు ఇది చెప్పాలా? ‘ఎ’ని ఉప్పుకు తగిలించలేదు, చిటికెకు తగిలించారు.

అసలు చిక్కు

ఇప్పటిదాకా చెప్పినవి ఎంతో కొంత తేలినవి. తేలనిది అమూర్త నామాల దగ్గరుంది. లాంఛన రచన నిండా అవే.

‘నాలెడ్జ్’ అన్‌కౌంటబుల్. ‘నాలెడ్జెస్’ లేదు. అయినా ‘ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ ఉర్దూ’ శుద్ధమైన ఇంగ్లిష్. ‘ఎ డీప్ అండర్‌స్టాండింగ్’, ‘ఎ గ్రోయింగ్ అవేర్‌నెస్’, ‘ఎ గుడ్ ఎడ్యుకేషన్’ అన్నీ చెల్లుతాయి. అయితే ‘ఎ గుడ్ ప్రోగ్రెస్’ చెల్లదు. ‘ఎ గుడ్ అడ్వైస్’, ‘ఎ స్ట్రాంగ్ ఎవిడెన్స్’, ‘ఎ న్యూ రీసెర్చ్’, ‘ఎ యూజ్‌ఫుల్ ఇన్ఫర్మేషన్’ ఏవీ చెల్లవు. రెండు జట్లకూ విశేషణాలున్నాయి. తేడా ఎక్కడ?

ఒక వివరణ విశేషణం మీద ఆధారపడుతుంది: విశేషణం వచ్చాక ఆ భావం ఒక ఫలానా రకం అవుతుంది, రకం ఒకటి కనుక ‘ఎ’ వస్తుంది. నిజమే కానీ ‘గుడ్ ప్రోగ్రెస్’ కూడా ఒక రకం ప్రగతే కదా. ఇంకొక వివరణ, నాకు కాస్త నచ్చినది, భావం ఎవరికి చెందుతుందని అడుగుతుంది. జ్ఞానం, అవగాహన, స్పృహ ఒక మనిషి లోపల ఉండే స్థితులు. ఫలానావాడి జ్ఞానం అని హద్దు గీయొచ్చు. సలహా, సమాచారం, సాక్ష్యం చేతులు మారే సరుకు, ఎవరి దగ్గరా ఆగదు. ఈ లెక్క చాలా దూరం నడుస్తుంది. అంతలో ‘హెల్త్’ వచ్చి పాడు చేస్తుంది. ఆరోగ్యం కంటే మనిషి లోపలి స్థితి ఏముంటుంది? అయినా ‘షి ఎంజాయ్స్ ఎ గుడ్ హెల్త్’ తప్పు. ‘హెల్ప్’ తిరగబడుతుంది: సాయం చేతులు మారేదే, కానీ ‘యు హావ్ బీన్ ఎ గ్రేట్ హెల్ప్’ అంటారు. సూత్రం అనడానికి వీల్లేదు, మొగ్గు అనాలంతే.

‘ఆఫ్’ విషయంలో పరిస్థితి కొంత మెరుగు. ‘ఇండియన్ హిస్టరీ’కి ‘ది’ అక్కర్లేదు, ‘ది హిస్టరీ ఆఫ్ ఇండియా’కి కావాలి. చెప్పేది ఒకటే చరిత్ర. ముందు వచ్చే విశేషణం రకాన్ని చెప్పి ఊరుకుంటుంది, వెనక వచ్చే ‘ఆఫ్’ తరచూ వస్తువును గుర్తు పట్టిస్తుంది. ఇందులోంచి ‘వెనక వివరణ ఉంటే ది పెట్టాలి’ అని ఇంకో బడి సూత్రం పుట్టింది. అదీ సగమే నిజం. ‘వాటర్ ఫ్రమ్ బోర్‌వెల్స్’లో వెనక వివరణ ఉంది, గుర్తింపు లేదు, ‘ది’ అక్కర్లేదు. వర్ణించడం వేరు, గుర్తుపట్టించడం వేరు.

నాలుగు వాక్యాల మీద ఎర్రకలం

నల్గొండ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ మీద ఒక విద్యార్థి పరిశోధన సారాంశం రాశాడనుకుందాం. ఊహకు నాలుగు వాక్యాలు:

‘ది గ్రౌండ్‌వాటర్ ఈజ్ ది మెయిన్ సోర్స్ ఆఫ్ డ్రింకింగ్ వాటర్ ఇన్ మెనీ విలేజెస్. ఎ రీసెర్చ్ వాజ్ కండక్టెడ్ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్. వాటర్ వాజ్ కలెక్టెడ్ ఫ్రమ్ ట్వెల్వ్ బోర్‌వెల్స్ అండ్ వాటర్ వాజ్ టెస్టెడ్ ఫర్ ఫ్లోరైడ్. డీటెయిల్డ్ నాలెడ్జ్ ఆఫ్ లోకల్ జియాలజీ ఈజ్ నీడెడ్.’

మొదటి వాక్యంలో తొలి ‘ది’ పోవాలి. ఫలానా ఊరి భూగర్భజలం కాదు, భూగర్భజలమే విషయం. రెండో ‘ది’ ఉండాలి, ముఖ్య వనరు ఒకటే కాబట్టి. ‘డ్రింకింగ్ వాటర్’ ముందు ఏమీ లేకపోవడం సరే. ‘ఆఫ్’కు వెనక ఉందన్న భయంతో అక్కడ ‘ది’ ఇరికించేవాళ్లున్నారు, అవసరం లేదు.

రెండో వాక్యంలో ‘ఎ రీసెర్చ్’ కుదరదు. ‘ఎ’ ఉంచాలనుకుంటే మాట మార్చాలి: ‘ఎ స్టడీ’. మాట ఉంచాలనుకుంటే ‘ఎ’ తీసేయాలి. ఇక్కడ పనికొచ్చే చిట్కా ఏమిటంటే చాలా అన్‌కౌంటబుల్ మాటల పక్కనే లెక్కకు వచ్చే చుట్టం ఒకటి ఉంటుంది. రీసెర్చ్‌కు స్టడీ, ఎక్విప్‌మెంట్‌కు డివైస్, వర్క్‌కు టాస్క్, అడ్వైస్‌కు సజెషన్.

మూడో వాక్యం చూడటానికి నిర్దోషి. మొదటి ‘వాటర్’ నిర్దోషే, అది ఎంతో కొంత నీరు. రెండోది మాత్రం ఆ సేకరించిన నీరే. ‘ది వాటర్’ కావాలి, లేదా ‘ఇట్’. అన్‌కౌంటబుల్‌కి ఆర్టికల్ ఉండదన్న బడి సూత్రం నేరుగా చేసిన నష్టం ఇదే. వాక్యం తప్పుగా వినిపించదు, కానీ పరీక్షించింది ఏ నీళ్లనో తెలియకుండా పోతుంది.

నాలుగో వాక్యాన్ని ప్రస్తుతానికి వదిలేద్దాం.

నేర్పేవాళ్ల తగవు

పీటర్ మాస్టర్ 1990లో ఆర్టికల్స్‌ను రెండు పనులుగా విడగొట్టి నేర్పమన్నాడు: వర్గీకరించడం, గుర్తించడం. వర్గీకరణకు ‘ఎ’ లేదా శూన్యం, గుర్తింపుకు ‘ది’. పైన చెప్పిన రెండు ప్రశ్నల ముడిని విప్పిన పద్ధతి ఇది. తెలుగు విద్యార్థికి ఇంతకంటే తేలికైన దారి నాకు కనపడలేదు.

నేర్చుకునేవాడి బుర్రలో ఏం జరుగుతుందన్నది ఇంకో వైపు. తానియా అయోనిన్, హీజాంగ్ కో, కెనెత్ వెక్స్‌లర్ 2004లో రష్యన్, కొరియన్ మాతృభాషగా ఉన్నవాళ్లను పరిశీలించారు. రెండు భాషల్లోనూ ఆర్టికల్స్ లేవు. వాళ్లు ‘ది’ అంటే వినేవాడికి తెలిసినదా, మాట్లాడేవాడి మనసులో ఫలానాగా ఉన్నదా అన్నది తేల్చుకోలేక అటూ ఇటూ ఊగుతున్నారన్నారు. మరుసటి ఏడాది దేవయాని శర్మ భారతీయ ఇంగ్లిష్ మీద చేసిన అధ్యయనం ఇందుకు చేరువగానే వచ్చింది. మాతృభాషలో ‘ఒక’ వంటి మాట ఉన్నచోట దాని ప్రభావం కనిపిస్తుంది, ‘ది’కి సమానమైనది లేనిచోట సంభాషణలో తెలిసిపోతున్నది ఎంత అన్న ఎరుకే దారి చూపిస్తుంది. తెలిసిపోతున్నదనుకుంటే ‘ది’ మానేస్తారు.

దిద్దడం వల్ల లాభం ఉందా? జాన్ ట్రస్కాట్ 1996లో లేదన్నాడు, వ్యాకరణం దిద్దడం మానేయమన్నాడు. 1999లో డేనా ఫెరిస్ ఎదురు నిలిచింది. 2007లో యంగ్‌హీ షీన్ ప్రత్యేకంగా ఆర్టికల్స్ మీదే ప్రయోగం చేసి, దిద్ది, ఎందుకో కూడా చెబితే మెరుగవుతున్నారని చూపింది. ఇది దిద్దేవాళ్ల పక్షానికి గెలుపుగా ప్రచారమైంది. కానీ ఆ ప్రయోగం చూసింది రెండే వాడుకలు: మొదటిసారి చెప్పేటప్పుడు ‘ఎ’, రెండోసారి ‘ది’. అన్‌కౌంటబుల్, జాతి వాచకం, అమూర్త నామం అందులో లేవు. అన్నిటికంటే తేలికైన మూలను వెలిగించి గదంతా వెలుగొచ్చిందనడం తొందరపాటు.

ఎవరి ఇంగ్లిష్?

ఇంతకూ ‘ఎవిడెన్సెస్’, ‘రీసెర్చెస్’ తప్పని ఎవరన్నారు? విలియం పేలీ 1794లో క్రైస్తవం మీద రాసిన పుస్తకం పేరులోనే ‘ఎవిడెన్సెస్’ ఉంది. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ 1788 నుంచి ప్రచురించిన పత్రిక పేరు ‘ఏషియాటిక్ రీసెర్చెస్’. ఇంగ్లండ్ న్యాయస్థానాల భాషలో మేజిస్ట్రేట్ ముందు పెట్టే ఫిర్యాదు ‘యాన్ ఇన్ఫర్మేషన్’. అంటే మనం తప్పులుగా దిద్దించుకుంటున్నవాటిలో కొన్ని ఒకప్పుడు పెద్దమనుషుల లాంఛన ఇంగ్లిష్. ఇంగ్లిష్ వాళ్లు వదిలేశారు, మన దగ్గర మిగిలింది. ఈలోగా కార్పొరేట్ కార్యాలయాలు ‘లెర్నింగ్స్’ అనే కొత్త బహువచనాన్ని తెచ్చుకున్నాయి. దాన్ని భారతీయ తప్పు అని ఎవరూ అనలేదు.

1990, 91ల్లో రాండల్ఫ్ క్వర్క్, బ్రజ్ కచ్రూల మధ్య నడిచిన వాదం ఈ ప్రశ్న మీదే. నేర్చుకునేవాళ్లకు ఒకే ప్రమాణం కావాలన్నాడు క్వర్క్. భారతీయ ఇంగ్లిష్ తన కాళ్ల మీద నిలబడ్డ భాష, దాన్ని లోపాల చిట్టాగా చూడొద్దన్నాడు కచ్రూ. తర్వాత బార్బరా సైడిల్‌హోఫర్ వంటివాళ్లు మాతృభాష కానివాళ్ల మధ్య ఇంగ్లిష్‌ను పరిశీలించి, ఆర్టికల్ జారిపోయినా ‘ఇన్ఫర్మేషన్స్’ అన్నా అర్థానికి అడ్డం రావడం లేదన్నారు. మాటల్లో నిజమే. లాంఛన పత్రంలో అర్థం అవడం ఒక్కటే పరీక్ష కాదు, చదివేవాడు రాసినవాడిని తూకం వేస్తుంటాడు. న్యాయం కచ్రూ వైపు ఉంది, తీర్పు ఇంకా క్వర్క్ వైపే వస్తోంది.

శాస్త్ర పత్రికలు మాత్రం తమ పని తాము చూసుకుంటున్నాయి. ‘ప్రోటీన్స్’, ‘సాయిల్స్’, ‘స్టీల్స్’, ‘బిహేవియర్స్’ అన్నీ రకాలుగా లెక్కకు వచ్చేశాయి. ‘డేటా’ కొన్నిచోట్ల బహువచనం, కొన్నిచోట్ల ఏకవచనం. ఏదైనా ‘ఎ డేటా’ మాత్రం ఎక్కడా చెల్లదు.

యంత్రం దిద్దితే

ఇంగ్లిష్ తప్పులను కంప్యూటర్ చేత దిద్దించడానికి 2013, 2014ల్లో ‘కోనల్’ అనే కంప్యూటర్ భాషాశాస్త్ర సదస్సులు పోటీలు పెట్టాయి. సింగపూర్ విశ్వవిద్యాలయ విద్యార్థుల వ్యాసాలే ముడిసరుకు. 2013లో ఎంచుకున్న ఐదు రకాల తప్పుల్లో ఆర్టికల్స్ ఒకటి. 2014 పరీక్ష వ్యాసాలను ఇద్దరు మనుషులు విడివిడిగా దిద్దారు. ఏది తప్పు అన్నదాని మీద ఆ ఇద్దరికే చాలాచోట్ల పొత్తు కుదరలేదు. ఇప్పుడు ఫోన్‌లోనూ ఈ-మెయిల్‌లోనూ ఆర్టికల్ కింద గీత గీసే యంత్రాలు, వాడుకలో దేనికి మెజారిటీ ఉందో చూసి చెబుతాయి. ‘ఎ రీసెర్చ్’ను పట్టుకుంటాయి. మూడో వాక్యంలో ‘వాటర్’ ఏ నీళ్లో వాటికి ప్రతిసారీ తెలియదు.

ఇక ఆ నాలుగో వాక్యం. ‘డీటెయిల్డ్ నాలెడ్జ్ ఆఫ్ లోకల్ జియాలజీ ఈజ్ నీడెడ్.’ ముందు ‘ఎ’ పెడితే ఒక మనిషి సంపాదించగల అవగాహన అన్న ఛాయ వస్తుంది. వదిలేస్తే ఆ విషయం మీద ఉండాల్సిన జ్ఞానమంతా అన్న ఛాయ. ‘లోకల్ జియాలజీ’ ముందు ‘ది’ పెడితే నల్గొండ రాళ్లు, వదిలేస్తే ఏ చోటికాచోటి రాళ్లు. ఒక సంపాదకుడు రెండూ పెడతాడు, ఇంకొకడు రెండూ తీసేస్తాడు, నాలుగు రూపాలూ అచ్చవుతున్నాయి. ఎవరిది తప్పో చెప్పే పుస్తకం లేదు. విద్యార్థి ఏ రాళ్ల గురించి రాశాడో విద్యార్థినే అడగాలి.